ఆలస్యం ఎవరిది?

ఒకే గది ఇల్లు, మధ్యలో అడ్డంగా కట్టిన దుప్పటి. అవతల మంచం. ఇవతల చాప మీద గుండీలు కుట్టాల్సిన చొక్కాల గుట్ట, ఇద్దరు ఆడవాళ్లు.

"ముందు సూదిలోకి దారం ఎక్కించు, తర్వాత మాట్లాడుదువుగాని. పొద్దున్నుంచీ చూపు ఆనట్లేదు నాకు."

"ఇలా ఇవ్వండక్కా. తెల్ల దారమేనా?"

"తెల్లదే. ఏదో హోటల్లో పనివాళ్లు వేసుకునే చొక్కాలట. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఏంటి, అలా చిక్కిపోయావ్?"

"పరీక్షలు దగ్గరికొచ్చాయక్కా. మెడిసిన్ నాలుగో సంవత్సరం కదా... అన్నయ్యకి ఎలా ఉంది?"

"మెల్లగా. గొంతు తగ్గించు. దుప్పటి ఒక్కటేగా అడ్డం."

"నిద్రపోతున్నారనుకున్నా."

"నిద్రో మెలకువో నాకే తెలీదు. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది. కళ్లు మిగిలాయి. అవి మూసుకుంటే నిద్ర అనుకుంటాను. నువ్వు మాత్రం మెల్లగా మాట్లాడు."

"వ్యాయామం చేయిస్తున్నారా? వేళ్లు ఒక్కొక్కటీ మడిచి, తెరిచి... ఆసుపత్రిలో చూపించాను కదా."

"చేయిస్తున్నా. చెయ్యి ఇస్తాడు. మొహం ఇవ్వడు."

"అంటే?"

"అంటే ఏం లేదు. సూది ఇటివ్వు."

"రంగు డబ్బాలు, కుంచెలు అన్నీ అలాగే ఉంచారే."

"ఎవరికివ్వను? బోర్డులు రాసేవాడి కుంచె ఇంకొకడి చేతికి లొంగదు అంటాడు. అనేవాడు."

"వీధి మొదట్లో గోడ చూశాను, వస్తూ. బొమ్మలు ఇంకా నిన్న వేసినట్టే ఉన్నాయి."

"ఎందుకుండవు? నువ్వు అడిగావని ఎండలో నిలబడి వేశాడు. మూతి వంకరపోయిన బొమ్మ, చెయ్యి వాలిపోయిన బొమ్మ, మాట ముద్దగా వచ్చే బొమ్మ. చదువు రానివాళ్లకి కూడా అర్థం కావాలన్నావుగా. మూతి వంకర సరిగ్గా కుదరట్లేదని అద్దం ముందు కూర్చుని తనే మూతి తిప్పుకుని, చూసి చూసి వేశాడు. ఆ గోడ మీద ఉన్నది ఆయన మొహమే. తెలుసా నీకు?"

"తెలీదక్కా."

"ఇప్పుడు ఇంట్లో అద్దమే తీసేశాను. సరే, చెప్పు. ఎందుకొచ్చావ్?"

"అన్నయ్యని చూద్దామని..."

"చూద్దామని వచ్చినవాళ్లు దుప్పటి అవతలికి వెళ్తారు. నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చున్నావ్."

"వెళ్తానక్కా. ముందు మీతో ఒక మాట... రేపు ఎంక్వైరీ వాళ్లు వస్తున్నారు. పైనుంచి. ఆ రోజు ఎమర్జెన్సీలో డ్యూటీ చేసిన నర్సు ఫిర్యాదు రాసిందట."

"ఆ సన్నగా ఉండే పిల్లేనా? నాకు తాగడానికి నీళ్లిచ్చింది."

"ఆవిడే. రేపు మీ ఇంటికి కూడా వస్తారు. ఏం జరిగిందో చెప్పమంటారు."

"ఏం జరిగిందో నీకు తెలీదా?"

"తెలుసు."

"అయితే నువ్వు చెప్పు, నేను వింటాను. క్లాసు చెప్పాక మమ్మల్ని లేపి అడిగేదానివిగా, ఏం అర్థమైందో చెప్పండి అని. ఇప్పుడు నేనడుగుతున్నా."

"అక్కా..."

"చెప్పమ్మా. తప్పయితే దిద్దుతాలే."

"ఆ రోజు మా కార్యక్రమం ముగింపు సభ. వీధుల్లో జబ్బుల గురించి చెప్పాం కదా, దానికి. ఆసుపత్రి పక్కన హాల్లో పెట్టారు. మీ వీధి వాళ్లందర్నీ రమ్మని బస్సు పంపించాం."

"ఊఁ. వీధి వీధంతా ఎక్కేసింది. మేమిద్దరమే వెనకబడ్డాం. ఉతికిన చొక్కా వేసుకుంటానన్నాడు. గుండీ పెట్టుకుంటున్నాడు, పెట్టుకుంటున్నాడు, ఎంతకీ అవట్లేదు. నేను నవ్వాను. పెళ్లికొడుకువా ఏంటి, ఇంత సింగారం, అన్నాను. అప్పుడు నా వైపు తిరిగాడు. గోడ మీద బొమ్మే. నేను ఏడవలేదు. కేకలు పెట్టలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. నవ్వమన్నాను, ఒక పక్కే నవ్వాడు. చేతులెత్తమన్నాను, ఒకటే లేచింది. నా పేరు చెప్పమన్నాను, ముద్దముద్దగా ఏదో అన్నాడు. నీళ్లు కావాలని సైగ చేశాడు, గొంతుకి అడ్డం పడుతుందని చెప్పావుగా, ఇవ్వలేదు. గబగబా రోడ్డు మీదకెళ్లి, పోతున్న ఆటోకి అడ్డం నిలబడ్డాను."

"మీరు అన్నీ సరిగ్గా చేశారక్కా. మేం ఇన్ని వీధుల్లో చెప్పాం, ఇంత సరిగ్గా చేసినవాళ్లు..."

"మార్కులు వేస్తున్నావా?"

"కాదక్కా, కాదు."

"సరే, ఆసుపత్రికొచ్చాం. ఎమర్జెన్సీలో ఎవరున్నారు?"

"నర్సు ఉంది."

"డాక్టర్లు? దారం చిక్కుపడుతోంది చూడు నీ చేతిలో. డాక్టర్లు ఎక్కడున్నారు?"

"సభలో ఉన్నారక్కా. కుర్చీలు ఖాళీగా కనిపిస్తే బాగోదని, మా కాలేజీ, ఆసుపత్రి రెండూ చూసే పెద్ద మేడమ్ డ్యూటీలో ఉన్నవాళ్లని కూడా రమ్మన్నారు. కాసేపే కదా అన్నారు. ఫొటోలు అవగానే వెళ్లిపోవచ్చని."

"స్కానింగ్ గది?"

"తాళం వేసి ఉంది. స్కానింగ్ చేసే అబ్బాయి కూడా..."

"సభలోనే. ఆ నర్సు పిల్ల పరిగెత్తింది మీ హాలుకి. పెద్దలు మాట్లాడుతున్నారు, అయ్యాక రా, అన్నాడట తలుపు దగ్గరవాడు. మళ్లీ పరిగెత్తింది. మళ్లీ అదే. నేను బెంచీ మీద కూర్చున్నాను, ఆయన తల నా ఒళ్లో. బయట చెట్టుకి మైకు కట్టారు మీవాళ్లు. అందులోంచి ఎవరి గొంతు వచ్చింది?"

"నాదే."

"ఏమన్నావ్?"

"వద్దక్కా."

"మెల్లగానే చెప్పు. ఏమన్నావ్?"

"ఒక్క క్షణం కూడా వృథా చెయ్యొద్దు... గుర్తుపట్టిన వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి, అన్నాను."

"తర్వాత చప్పట్లు. అబ్బ, ఏం చప్పట్లమ్మా! మా వీధి వాళ్లవే. మా వాళ్లు అలా కొడతారని అప్పటిదాకా నాకు తెలీదు. ఆ చప్పట్లలోనే ఈయన మాట ఆగిపోయింది. అంతవరకూ ముద్దముద్దగానైనా వస్తోంది. అంతేగా జరిగింది? ఏమైనా వదిలేశానా?"

"లేదక్కా."

"అయితే రేపు వాళ్లకి ఇదే చెప్పాలి. ఇది చెప్పడానికి నువ్వెందుకొచ్చావ్ ఎండలో పడి?"

"పెద్ద మేడమ్ పంపించారు. ఒక మాట అడిగి రమ్మన్నారు. నాకైతే ఇష్టం లేదు, కానీ..."

"ఇష్టం లేనిదాన్ని ఇంత దూరం మోసుకొచ్చావా? దించు మరి."

"అక్కా, పక్షవాతం మనిషి మెలకువగా ఉన్నప్పుడు వస్తే, వెంటనే తీసుకొస్తే, రక్తం గడ్డ కరగడానికి ఇంజెక్షను ఇస్తారు. కానీ నిద్రలో వస్తే ఎప్పుడు మొదలైందో తెలీదు కదా. అప్పుడు చాలాచోట్ల ఆ ఇంజెక్షను ఇవ్వరు. ఇవ్వలేదని ఎవరూ తప్పుపట్టరు కూడా."

"ఇది నీ క్లాసులో చెప్పలేదే."

"మీకు అవసరం పడదనుకున్నాను."

"ఇప్పుడు అవసరం పడిందన్నమాట, మీకు. తిప్పి తిప్పి చెప్పకు. నన్నేమనమంటున్నారు?"

"పొద్దున నిద్రలేచేసరికే మూతి వంకరగా ఉందని... గాలి తగిలిందేమో, అదే తగ్గుతుందిలే అని ఇంట్లో ఆగామని... ఎంతకీ తగ్గకపోతే అప్పుడు తీసుకొచ్చామని. అలా అంటే..."

"అంటే?"

"ఎవరికీ ఏమీ కాదు."

"ఎవరికీ అంటే ఎవరెవరికి?"

"డాక్టర్లకి. మేడమ్‌కి."

"నీకు?"

"నాకు కూడా. కార్యక్రమం నా పేరు మీద నడిచిందక్కా. ఎంక్వైరీలో తేలితే వీధుల్లో క్లాసులు మొత్తం ఆపేస్తారు. పెద్ద మేడమ్ సంతకం పెట్టకపోతే నేను పరీక్షకి కూర్చోలేను. మా ఇంట్లో చదువుకుంటున్నది నేనొక్కదాన్నే."

"అబ్బో. ఆయన మూతి వంకర మీద ఇంతమంది బతుకులున్నాయా! నేను మా ఇద్దరివే అనుకున్నాను."

"మీకు కూడా చూస్తామన్నారు. అన్నయ్యని చూపించడానికి తీసుకొచ్చినప్పుడు వరసలో నిలబడక్కర్లేకుండా నేరుగా లోపలికి..."

"ఆ రోజు వరస లేదమ్మా. మేమిద్దరమే ఉన్నాం. అయినా పిలవలేదు. ఏడవకు. చొక్కాలు తెల్లవి, మరకలు పడితే వెనక్కి పంపిస్తారు. ఇదిగో, ఈ గుడ్డతో తుడుచుకో."

"వద్దక్కా. నేనేమీ అడగలేదనుకోండి. ఈ మాట నా నోటితో ఎలా అన్నానో నాకే... మీరు ఉన్నదున్నట్టు చెప్పండి. నేను కూడా చెప్తాను. మీకంటే ముందు నేనే చెప్తాను. మైకు పట్టుకున్నది నేనే కదా. పరీక్ష పోతే పోనీ."

"పోనీ అంటే పోదు. నాలుగేళ్లు చదివావ్."

"పోనివ్వండక్కా. ఆ రోజు ఎవరు ఆలస్యం చేశారో రేపు వాళ్లకి..."

"ఎవరే లోపల? ఎవరితో గుసగుసలు?"

"డాక్టరమ్మాయి వచ్చింది అత్తయ్యా."

"నువ్వా తల్లీ! ఎంతసేపైంది వచ్చి? చూశావా నా కొడుకుని? నిలువెత్తు మనిషి, మూటలా పడున్నాడు."

"ఇప్పుడే వచ్చాను పెద్దమ్మా. మీరు ఊళ్లో లేరనుకున్నాను."

"కూతురి దగ్గరికి వెళ్లి ఉన్నాను. కబురు తెలిసి పడుతూ లేస్తూ వచ్చాను. నేనిక్కడ ఉండుంటే ఇలా అయ్యేదా? ఎంత బాగా చెప్పావమ్మా నువ్వు, గోడ మీద బొమ్మలు కూడా వేయించి! పసిపిల్లలకి కూడా తలకెక్కింది. ఒక్క దీని బుర్రకి ఎక్కలేదు."

"అదేంటి పెద్దమ్మా, అక్క..."

"అత్తయ్యా, కుళాయి కింద బకెట్టు పెట్టి వచ్చారు, పొర్లిపోతుంది."

"పొర్లనీ. మొగుడికి మూతి వంకరపోతే, గాలి తగిలిందేమోలే అనుకుందటమ్మా! చొక్కాలు అప్పగించాలని, గుండీలు కుట్టుకుంటూ కూర్చుందట. పని పూర్తిచేసుకుని, అప్పుడు తీరిగ్గా బయల్దేరదీసింది మహాతల్లి. వెంటనే తీసుకెళ్లుంటే ఈపాటికి నిచ్చెనెక్కి బోర్డులు రాసేవాడు."

"ఎవరు చెప్పారు మీకు ఇదంతా?"

"ఎవరో చెప్తే నేను నమ్ముతానా? దాని నోటితో అదే ఒప్పుకుంది. కుళాయి దగ్గర, వీధిలో ఆడవాళ్లందరి ముందూ. నాతో కూడా మొదట్లో అబద్ధమే చెప్పింది, వెంటనే తీసుకెళ్లానత్తయ్యా, వాళ్లే పట్టించుకోలేదత్తయ్యా, అని. పాపం ఆసుపత్రి వాళ్లని ఎన్ని తిట్లు తిట్టానో!"

"పెద్దమ్మా, అది నిజం కాదు..."

"నీళ్లు పోతున్నాయి అత్తయ్యా. మళ్లీ రేపటిదాకా రావు."

"వెళ్తున్నా. నేనెక్కడ నీతో మాట్లాడతానోనని తరుముతోంది చూశావా అమ్మా? కూర్చో, కూర్చో. నువ్వన్నా చెప్పు దానికి బుద్ధి."

"వెళ్లిపోయిందా? తలుపు దగ్గరకి వెయ్యి."

"అక్కా, ఏంటిది?"

"దారం అయిపోయింది. ఇంకోటి ఎక్కించు."

"అక్కా!"

"మెల్లగా అన్నానా!"

"మీరెందుకు ఒప్పుకున్నారు? చెయ్యని తప్పు? మేడమ్ ఎవరినైనా ముందే పంపించారా? బెదిరించారా?"

"ఎవరూ రాలేదు. మా పక్కింటి తాత గుర్తున్నాడా, చెప్పులు కుట్టేవాడు? నీ క్లాసులో ముందు వరసలో కూర్చుని, తెలిసినా తెలియకపోయినా అన్నిటికీ చెయ్యెత్తేవాడు."

"గుర్తున్నాడు. కుట్టేవాడు అంటున్నారేంటి, ఇప్పుడు లేడా?"

"ఈయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు అప్పటికి. బట్టలు తీసుకెళ్దామని ఒక పూట ఇంటికొచ్చాను. వచ్చి చూసిన వాళ్లందరికీ ఉన్నదున్నట్టే చెప్పి ఉన్నాను అంతకుముందే. పరిగెత్తి తీసుకెళ్లాను, బెంచీ మీద పడేశారు, ఒక్కడూ రాలేదు, అని. వీధంతా తిట్టింది మీ ఆసుపత్రిని. నాకూ మనసు చల్లబడింది. ఆ పూట తాతకి గుండెల్లో పట్టేసింది. చెమటలు. ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. అన్నీ నువ్వు చెప్పినవే. ఆయనకీ తెలుసు, ఇంట్లో వాళ్లకీ తెలుసు. కోడలు ఆటో పిలుస్తానంది."

"పిలవలేదా?"

"వద్దన్నాడు. రంగులాయన పరిగెత్తి వెళ్లాడుగా, ఏం ఒరిగింది? ఆ బెంచీ మీద చచ్చేకంటే నా మంచం మీద చావడం నయం, అన్నాడు. ఇంట్లో వాళ్లు కూడా సరే అన్నారు. నిమ్మళంగా పోయాడు అని చెప్పుకుంటున్నారు. నిమ్మళంగా ఏం పోలేదు. గోడకి ఇవతల నేనున్నాను, నాకు తెలుసు."

"అది మీ తప్పు కాదక్కా."

"బెంచీ మాట ఎవరిది? నాదేగా. నా నోట్లోంచి వచ్చి ఆయన నోట్లోకి వెళ్లింది. మర్నాడు కుళాయి దగ్గరికెళ్లి చెప్పేశాను. ఇన్నాళ్లూ సిగ్గుపడి దాచాను, ఆలస్యం చేసింది నేనే, వెంటనే వచ్చుంటే నడుచుకుంటూ ఇంటికెళ్లేవాడని డాక్టర్లు నన్ను తిట్టారు, అని."

"నమ్మేశారా?"

"నేను సరిగ్గానే చేశానన్నప్పుడు సవాలక్ష ప్రశ్నలు. ఏ దారిన వెళ్లావ్, ఎవరిని అడిగావ్, గట్టిగా ఎందుకు అరవలేదు, అని. తప్పు నాది అన్నాను, ఒక్కరంటే ఒక్కరు ఏమీ అడగలేదు. అక్కడికక్కడే నమ్మారు. మొన్న ఎదురింటావిడకి చెయ్యి తిమ్మిరెక్కింది. ఇంటిల్లిపాదీ చెప్పులైనా లేకుండా పరిగెత్తారు. గ్యాసట. నవ్వుకుంటూ వచ్చారు. వస్తూ వస్తూ నా గుమ్మం ముందు ఆగి, మేం నీలాగా కూర్చోలేదమ్మా, అని చెప్పి మరీ వెళ్లింది."

"మీరేమన్నారు?"

"మంచి పని చేశావన్నాను. ఏమనను?"

"కానీ ఇది అన్యాయమక్కా. రేపు నిజం బయటికొస్తే ఆసుపత్రిలో భయం పుడుతుంది. ఇంకోసారి ఎమర్జెన్సీ ఖాళీ చేసి వెళ్లరు. మారతారు."

"మారతారా? నా కళ్లలోకి చూసి చెప్పు. మారతారా?"

"...తెలీదు."

"ఆ మాటైనా నిజం చెప్పావ్. మాకున్నది ఆ ఒక్క ఆసుపత్రే. అక్కడ సగం సార్లు డాక్టరుంటాడు. ఆ సగం కోసమైనా వీళ్లు పరిగెత్తాలి కదా. ఉండడేమోనని ఇంట్లో కూర్చుంటే ఆ సగం కూడా పోయినట్టే."

"అయితే రేపు ఎంక్వైరీలో..."

"మేడమ్ అనమన్న మాటే అంటాను. ఆవిడ అడక్కముందు నుంచే అంటున్నానని చెప్పు. ఆవిడ కోసం కాదని కూడా చెప్పు. మర్చిపోకు, ఆ రెండోది ముఖ్యం."

"నేను ఊరుకోలేనక్కా. నేను నిజమే చెప్తాను."

"చెప్పు. నీ గుండె తేలికపడుతుంది. వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంటావ్. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఆ తాత అన్నట్టే అంటారు. గోడకి ఇవతల కూర్చుని వినేది నేను, నువ్వు కాదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"వచ్చే వారం మళ్లీ క్లాసు పెట్టు. నన్ను పిలువు, వస్తాను. అందరి ముందూ నిలబెట్టి చూపించు. ఇదిగో, ఈవిడలా చెయ్యకండి, అని."

"నా వల్ల కాదు."

"అవుతుంది. ఇందాక నన్ను, పొద్దున లేచేసరికే మూతి వంకరగా ఉందని చెప్పమన్నదానివి, ఇది నీకెంత?"

"అక్కా, అలా అనొద్దు..."

"అన్నాను, అయిపోయింది. తిట్టడానికి నాకు ఈ వీధిలో ఇంకెవరూ మిగల్లేదు, అందుకని నిన్నంటున్నాను. కళ్లు తుడుచుకో, అత్తయ్య వస్తుంది."

"వీధి ఏమైనా అనుకోనివ్వండి. పెద్దమ్మ ఏమైనా అననివ్వండి. కనీసం అన్నయ్యకైనా తెలుసు కదక్కా. మీరెంత పరిగెత్తారో, ఆయన తల ఎవరి ఒళ్లో ఉందో. ఆయనకి తెలుసు కదా."

"ఆయనకి ఆ రోజేదీ గుర్తు లేదు. చొక్కా తొడుక్కున్నంతవరకే. ఇంటికి తీసుకొచ్చాక, వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ అనుకునేవి విని, నిజమేనా అని కళ్లతో నన్నడిగాడు."

"నిజం చెప్పారా?"

"మనసు ఆగలేదు, చెప్పేద్దామనే వంగాను. అప్పుడే తాత భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆవిడ వింటూ ఉండగా మాట మార్చలేక, ఆలస్యం చేసింది నేనేనని ఆయనకీ చెప్పేశాను."